తిప్పే నాబ్, తొణికే కస్టర్డ్

కరెంటు పోయి వస్తే ఓవెన్ ముందున్న గాజు మీద సున్నాలు మిణుకుమిణుకుమంటూ ఉంటాయి. లోపల లైటు వెలుగుతుంది, ఫ్యాన్ చప్పుడు కూడా వినిపించవచ్చు, వేడి మాత్రం రాదు. హీటర్ కాలిపోయిందేమోనని మెకానిక్‌కి కబురు పెట్టేవాళ్ళు తక్కువేం కాదు. నిజానికి ఏదీ కాలిపోలేదు. చాలా డిజిటల్ ఓవెన్లు టైము పెట్టేదాకా వేడెక్కవు, అంతే. ఫలానా వేళకి దానంతటది వెలగడం, ఫలానా వేళకి ఆరిపోవడం అనే సౌకర్యం వాటిలో ఉంటుంది కాబట్టి, గడియారం తెలియనప్పుడు వేడి చేసే భాగానికి కరెంటు వదలవు. గడియారం బొమ్మ ఉన్న బటన్ని రెండు మూడు సెకన్లు నొక్కిపట్టి, ప్లస్, మైనస్‌లతో టైము పెడితే దారికొస్తుంది. కొన్నిటిలో ‘ఆటో’ అనే మాట వెలుగుతూ ఉంటుంది; అప్పుడు చేతి బొమ్మ ఉన్న బటన్ గానీ, మధ్యలోని రెండు బటన్లు కలిపి గానీ నొక్కాలి. ఈ సంగతి ఓవెన్ మీద ఎక్కడా రాసి ఉండదు. దాంతో వచ్చిన పుస్తకంలో ఏ ముప్ఫయ్యో పేజీలోనో ఉంటుంది, ఆ పుస్తకం అవసరానికి కనబడదు.

పాత ఓవెన్‌కి ఉన్నదల్లా ఒక నాబ్. దాని మీద గీత, చుట్టూ అంకెలు. గీత 150 దగ్గరుంటే ఓవెన్ 150 దగ్గరుందని గది అవతలినుంచే తెలిసేది. కరెంటు పోయినా ఆ గీత కదిలేది కాదు. చెప్పాల్సింది చెప్పే పనీ, చూపించాల్సింది చూపించే పనీ ఒకే వస్తువు చేసేది. రేడియో ట్యూనింగ్ నాబ్ అంతే, ఫోన్ డయల్ అంతే, టీవీ చానెల్ మార్చే గట్టి మర అంతే. ఇప్పుడొచ్చే నాబ్‌లు చాలామటుకు ఎంత తిప్పినా ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి. వాటికి గీత లేదు, మొదలూ చివరా లేవు. ఎక్కడున్నామో తెలియాలంటే మళ్ళీ తెర వైపు చూడాల్సిందే.

అప్పటి వస్తువులు పాడయ్యేవి కావని కాదు. 1963లో ఫిలిప్స్ తెచ్చిన క్యాసెట్‌నే తీసుకోండి, ప్లేయర్ దాని టేపుని నమిలి మింగేసేది. కానీ ఎక్కడ ముడిపడిందో కంటికి కనిపించేది. ఆరు పలకల పెన్సిల్ క్యాసెట్ చక్రం పళ్ళకి సరిగ్గా పట్టేది, దాంతో నెమ్మదిగా తిప్పి టేపుని లోపలికి లాగేవాళ్ళు. ఎక్కువ నలిగిన చోట పాట కాస్త మూలిగేది. పోయిందేమిటో, మిగిలిందేమిటో తెలిసిపోయేది. ఇప్పుడైతే తెర ‘ఏదో పొరపాటు జరిగింది, కాసేపాగి ప్రయత్నించండి’ అంటుంది. ఏది పొరపాటో, ఎంతసేపు ఆగాలో ఆ మాట చెప్పదు.

ఇంట్లో చేసే పుడ్డింగ్ ఇంకా ఆ పాత తరహాలోనే ఉంది. తన సంగతి తానే చెబుతుంది.

ముందు అన్నం పుడ్డింగ్. పొట్టి గింజ బియ్యం 100 గ్రాములు, చిక్కటి పాలు లీటరు, చక్కెర 60 గ్రాములు, వెన్న 25 గ్రాములు, చిటికెడు ఉప్పు, పైన తురమడానికి జాజికాయ. వెడల్పాటి గిన్నెకి వెన్న రాసి, అన్నీ అందులోనే వేసి, 150 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఓవెన్లో పెట్టడమే. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 130 చాలు. బియ్యం అడుగున గడ్డకట్టకుండా అరగంటయ్యాక ఒకసారి, గంటయ్యాక ఇంకోసారి అడుగుదాకా కలపాలి. ఆ తర్వాత గరిటె ముట్టుకోకూడదు. అప్పటినుంచే పైన మీగడ కట్టి, చివరి గంటలో బంగారు రంగుకి తిరుగుతుంది. ఈ పుడ్డింగ్‌లో సగం రుచి ఆ మీగడే. అది ఇష్టంలేదని తీసి పక్కన పెట్టేవాళ్ళున్నారు. వాళ్ళ పక్కన కూర్చోవడం మంచిది.

బయటికి తీసేటప్పుడు ఇంకా జారుగా ఉందే అనిపించాలి. చల్లారేకొద్దీ చిక్కబడుతుంది, ఓవెన్లోనే కావలసినంత గట్టిపడనిచ్చామంటే బల్ల మీదికి వచ్చేసరికి ముద్దవుతుంది. సన్నటి పొడవు గింజ బియ్యంతో చేస్తే దేనికది విడివిడిగా ఉండి పాలు పలచగా మిగిలిపోతాయి, ఎందుకంటే పాలని చిక్కబరిచే జిగురు పిండిపదార్థం పొట్టి గింజలోనే ఎక్కువ. అదే కారణానికి ఈ ఒక్క వంటకీ బియ్యాన్ని నాలుగైదుసార్లు కడగనక్కర్లేదు. వెన్న తీసిన పాలు పోస్తే మీగడ పలచగా, అట్టలా తయారవుతుంది.

ఇక్కడ ఓవెన్ చేసే ఒక మోసం గురించి. ‘వేడెక్కింది’ అని అది కూత పెట్టేసరికి లోపలి గాలి మాత్రమే వేడెక్కి ఉంటుంది, గోడలు కాదు. తలుపు తీయగానే ఆ వేడంతా బయటికి పోతుంది. కూత విన్నాక ఇంకో పది నిమిషాలు ఆగాలి. తెర మీద 150 అని ఉన్నా లోపల పదీ ఇరవై డిగ్రీలు తేడా ఉండటం మామూలే. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ కాస్త పైకి, కాస్త కిందికి ఊగుతూనే ఉంటుంది. లోపలి కమ్మీకి తగిలించే ముల్లు థర్మామీటర్ ఒకటి కొని పెట్టుకుంటే ఆ గొడవ తీరుతుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు, అప్‌డేట్ అడగదు.

కస్టర్డ్ దగ్గరికొస్తే అసలు తగాదా పొయ్యితోనే. గుడ్లు లేని కస్టర్డ్ పొడిని 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన తయారుచేశాడు. ఆయన భార్యకి గుడ్లు పడేవి కావు. ఆ పొడి అంటే మొక్కజొన్న పిండి, రంగు, వాసన, అంతకంటే ఏమీ లేదు. అరలీటరు పైచిలుకు పాలకి రెండు పెద్ద చెంచాల పొడి, రెండు పెద్ద చెంచాల చక్కెర. పొడిని నాలుగైదు చెంచాల చల్లటి పాలలో ముందు కలుపుకోవాలి. వేడి పాలలో నేరుగా వేస్తే పిండి ఉండ పైపొర క్షణంలో ఉడికి జిగురవుతుంది, లోపలికి తడి పోదు. ఉండలు కట్టడం అంటే అదే, ఆ తర్వాత ఎంత గిలక్కొట్టినా విడవవు. కలిపినదాన్ని మరిగే పాలలో సన్నటి ధారగా పోస్తూ కలుపుతూ, బుడగలు వచ్చాక ఇంకో నిమిషం ఉడకనివ్వాలి. ఆ నిమిషం దాటవేస్తే నాలుక మీద పచ్చి పిండి తగులుతుంది.

ఇండక్షన్ పొయ్యి మీద దీనికి చిక్కొచ్చి పడుతుంది. సన్న సెగ పెట్టామనుకుంటాం, చాలా పొయ్యిలకి సన్న సెగ అనేది లేదు. కొన్ని సెకన్లు పెద్ద సెగ, కొన్ని సెకన్లు ఏమీ లేకుండా, మళ్ళీ పెద్ద సెగ. సగటున అది సన్న సెగ అన్నమాట. ఆ పెద్ద సెగ వచ్చిన ప్రతిసారీ పలచటి గిన్నె అడుగున కస్టర్డ్ అంటుకుంటుంది. మందపాటి అడుగున్న గిన్నె పెట్టి, మధ్యస్థమైన మెట్టు మీద, మూల మూలకీ గరిటె తిప్పుతూ ఉంటే అడుగంటదు. పాలు పొంగి టచ్ బటన్ల మీదికి వచ్చాయంటే పొయ్యి కీచుమని అరిచి ఆరిపోతుంది. ఆ బటన్లు వేలుని గుర్తుపట్టేది విద్యుత్తు నిలవలో వచ్చే చిన్న మార్పుని బట్టి. తడి కూడా సరిగ్గా అదే మార్పు తెస్తుంది. కాబట్టి పాలు పొర్లాయంటే పొయ్యి దృష్టిలో ఎవరో పది వేళ్ళతో అన్ని బటన్లూ ఒకేసారి నొక్కారని లెక్క. గుడ్డతో తుడిస్తే చాలదు, పొడిగుడ్డతో ఇంకోసారి తుడవాలి. అప్పటికీ తాళం బొమ్మ వెలుగుతుంటే దాన్ని మూడు సెకన్లు నొక్కిపట్టండి.

కస్టర్డ్ రుచి చూసిన చెంచాని మళ్ళీ గిన్నెలో పెట్టకూడదని పెద్దవాళ్ళు కేకలేసేవాళ్ళు గదా. ఎంగిలి పట్టింపు అని తీసిపారేయకండి. లాలాజలంలో పిండిపదార్థాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది. నోట్లో పెట్టిన చెంచాతో గోరువెచ్చటి కస్టర్డ్‌ని కలిపితే, చక్కగా చిక్కబడింది కాస్తా కాసేపటికి నీళ్ళలా జారిపోతుంది. పొడిలో తప్పు లేదు, పాలలో తప్పు లేదు, తప్పంతా చెంచాది.

గుడ్లతో చేసే కస్టర్డ్‌కి సూత్రం వేరు. అరలీటరు పాలు, నాలుగు పచ్చసొనలు, 50 గ్రాముల చక్కెర. పిండి కస్టర్డ్ మరగాలి, ఇది మరగకూడదు. 80 డిగ్రీల దగ్గర చిక్కబడుతుంది, 85 దాటితే సొన విరిగి పలుకులు పలుకులుగా తేలుతుంది. చెక్క గరిటె వీపుకి పట్టినదాన్ని వేలితో గీస్తే ఆ గీత కలిసిపోకుండా నిలవాలి. నిలిచిన మరుక్షణం దించేయాలి. గిన్నెలో ఉన్న వేడికే ఇంకో రెండు మూడు డిగ్రీలు ఎక్కుతుంది. పలుకులు మొదలయ్యాయనిపిస్తే ఆలోచించకుండా చల్లటి గిన్నెలోకి వడకట్టి గట్టిగా గిలక్కొట్టండి, మొదట్లోనే పట్టుకుంటే నూటికి తొంభైపాళ్ళు దక్కుతుంది.

వంట చేస్తూ ఫోన్‌లో కొలతలు చూడటం ఈ కాలపు శిక్ష. వేళ్ళకి వెన్న, చేతులకి పిండి. ముప్ఫై సెకన్లకి తెర ఆరిపోతుంది. వేలిముద్ర పెడితే గుర్తుపట్టదు, ఎందుకంటే ముద్రలోని గాళ్ళ నిండా పిండి కూరుకుపోయి ఉంది. తడి వేలు పెడితే ఒకచోట నొక్కితే ఇంకోచోట తెరుచుకుంటుంది. తెర ఆరే వ్యవధిని వంట మొదలుపెట్టే ముందే పది నిమిషాలకి మార్చుకోవడం ఒక మార్గం. తెర సరిగ్గా ‘చక్కెర’ దగ్గరికి రాగానే పేజీ గభాలున కిందికి దూకేదీ అందరికీ అనుభవమే. ప్రకటనలకి ఎంత చోటు కావాలో ముందే చెప్పకుండా పేజీ కడతారు, అవి ఆలస్యంగా వచ్చి మిగతాదాన్ని తోసేస్తాయి, మన వేలు ప్రకటన మీద పడుతుంది. ఇది పొరపాటున జరిగేదేనని నమ్మేంత ఉదారత నాకు లేదు. పాత డైరీలో చివరి పేజీల్లో, నూనె మరకల మధ్య ఉన్న నాలుగు లైన్ల కొలతలు ఎక్కడికీ దూకేవి కావు. ఇప్పటికైనా కొలతలు ఒక చీటీ మీద రాసి అల్మరా తలుపుకి అంటించడమే మేలు.

అన్నం పుడ్డింగ్ ఓవెన్లో ఉన్న రెండు గంటలూ ఖాళీయే గదా, ఏదో బిల్లు కట్టేద్దామని కూర్చుంటే పాస్‌వర్డ్ అడుగుతుంది. కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ అనేది 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఫెర్నాండో కోర్బాటో బృందం, ఒకే యంత్రాన్ని పదిమంది వాడుకునే ఏర్పాటులో భాగంగా పెట్టింది. 1966లో ఒక పొరపాటు వల్ల, లాగిన్ అయిన ప్రతివాళ్ళకీ స్వాగత సందేశానికి బదులు అందరి పాస్‌వర్డ్‌ల జాబితా కనిపించింది. అంటే ఈ బాధకీ దాని వైఫల్యానికీ దాదాపు ఒకే వయసు. పెద్దక్షరం ఒకటి, అంకె ఒకటి, గుర్తు ఒకటి, మూడు నెలలకోసారి మార్పు అనే ఆచారానికి ఊతమిచ్చినది అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో బిల్ బర్ 2003లో రాసిన మార్గదర్శకం. 2017లో నిస్ట్ దాన్ని తిరగరాసి, కారణం లేకుండా మార్పించవద్దు, పొడవుగా ఉంటే చాలు అంది. బర్ కూడా తాను చెప్పినదాంట్లో చాలావరకు ఇప్పుడు బాధపడుతున్నానన్నాడు. ఆయన బాధపడ్డా చాలా సైట్లు మాత్రం ఆ పాత పద్ధతినే పట్టుకు వేలాడుతున్నాయి. గుర్తుంచుకోవాల్సినవాటికి సంబంధంలేని నాలుగైదు మాటలు కలిపి పొడవుగా పెట్టుకోండి, మిగతావాటిని పాస్‌వర్డ్‌లు దాచిపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్ యాప్‌కి వదిలేయండి.

ఓటీపీ రాలేదని ‘మళ్ళీ పంపు’ మూడుసార్లు నొక్కడం అన్నిటికంటే పెద్ద తప్పు. కొత్తది పుట్టగానే పాతది చెల్లదు. మొదటిది ఆలస్యంగా వస్తుంది, దాన్ని కొడితే తప్పంటుంది, రెండోదీ అంతే, మూడోది వచ్చేలోపు ఖాతాకి తాళం పడుతుంది. ఒక్కసారి నొక్కి రెండు నిమిషాలు ఊరుకోవాలి. ఫోన్‌లోని ఆథెంటికేటర్ యాప్ ఇచ్చే ఆరంకెల కోడ్ పదేపదే తప్పంటుంటే ఫోన్ గడియారం చూసుకోండి. ఆ కోడ్ మామూలుగా ముప్ఫై సెకన్లకోసారి టైముని బట్టి మారేది, గడియారం ఒకటి రెండు నిమిషాలు తప్పినా కుదరదు. టైముని ఆటోమేటిక్‌లో పెడితే సరిపోతుంది.

ఆవిరి మీద ఉడికే పుడ్డింగ్‌ది అసలు ఓవెన్‌తోనే పని లేని వ్యవహారం. వెన్న, చక్కెర, మైదా మూడూ సమానంగా 120 గ్రాముల చొప్పున, మైదాలో చెంచాన్నర బేకింగ్ పౌడర్, రెండు గుడ్లు, రెండు పెద్ద చెంచాల పాలు. వెన్నా చక్కెరా తెల్లబడేదాకా గిలక్కొట్టి, గుడ్లు ఒక్కొక్కటిగా, ఆపైన పిండీ పాలూ. లీటరు పట్టే గిన్నెకి బాగా వెన్న రాసి, అడుగున మూడు పెద్ద చెంచాల జామ్ వేసి, దాని మీద పిండి పోయాలి. మూడొంతుల్లో రెండొంతులకి మించి నింపకూడదు. పైన వెన్న కాగితం, దాని మీద అల్యూమినియం రేకు, రెండిటికీ మధ్యలో రెండు వేళ్ళ వెడల్పు మడత పెట్టి దారంతో గట్టిగా కట్టాలి. ఆ మడత అందం కోసం కాదు. పుడ్డింగ్ పొంగినప్పుడు అది విచ్చుకుని చోటిస్తుంది, లేకపోతే కాగితం చిరిగి ఆవిరి నీళ్ళు లోపలికి దిగుతాయి, పైభాగం బంకబంకగా మిగులుతుంది. దారాన్ని గిన్నె మీదుగా ఇంకో చుట్టు తిప్పి పిడిలా కట్టుకుంటే తీసేటప్పుడు చెయ్యి కాలదు.

పెద్ద గిన్నె అడుగున చిన్న పళ్ళెం బోర్లించి, దాని మీద పుడ్డింగ్ గిన్నె పెట్టి, సగం ఎత్తుకి మరుగుతున్న నీళ్ళు పోసి, మూత పెట్టి గంటన్నర. మొదటి అరగంట మూత తీయవద్దు. నీళ్ళు తగ్గితే మరిగే నీళ్ళే పోయాలి. చన్నీళ్ళు పోస్తే ఆవిరి ఆగి, పొంగుతున్న పుడ్డింగ్ కుంగుతుంది. నీళ్ళు తగ్గాయని ఎలా తెలుస్తుందంటారా? పాతకాలపు వాళ్ళు శుభ్రంగా కడిగిన ఒక నాణెం ఆ నీళ్ళలో వేసేవాళ్ళు. నీళ్ళు మరుగుతున్నంతసేపూ అది అడుగున టకటకలాడుతూ ఉంటుంది. పక్క గదిలోకి వినిపిస్తుంది. చప్పుడు ఆగిందంటే నీళ్ళు అయిపోవచ్చాయని అర్థం. నాకు తెలిసినంతలో ఇంతకంటే గొప్ప అలారం ఎవరూ కనిపెట్టలేదు. దీన్ని వాడటానికి ఖాతా తెరవక్కర్లేదు, వంటగదిలో వైఫై అందుతుందా లేదా అని చూడక్కర్లేదు.

దీని పక్కన కంప్యూటర్ అప్‌డేట్ గీతని పెట్టి చూడండి. 99 శాతానికి గబగబా వచ్చి, అక్కడే పావుగంట కూర్చుంటుంది. అది అబద్ధం చెప్పడం లేదు, వేరే లెక్క చెబుతోంది. చాలాసార్లు ఆ గీత కొలిచేది ఎన్ని ఫైళ్ళు అయ్యాయనేది, ఎంత టైము మిగిలిందనేది కాదు. చివర మిగిలినవి సరిచూసుకోవడం, పాతవాటి చోట కొత్తవి పెట్టడం లాంటి పనులు. లెక్కకి ఒక్క శాతం, టైముకి చాలా. డిస్క్ లైటు మిణుకుతూ ఉంటే వదిలేయండి, మధ్యలో ప్లగ్ పీకితే ఉన్నదీ పోతుంది.

ప్రింటర్ గురించి క్లుప్తంగా చెప్పడం కష్టం గానీ ప్రయత్నిస్తాను. ఇంక్‌జెట్‌ని ఎప్పుడూ దాని మీది బటన్‌తోనే ఆపాలి, గోడ స్విచ్‌తో కాదు. బటన్ నొక్కితే ఇంకు చిమ్మే తల తన గూటిలోకి వెళ్ళి రబ్బరు మూత కింద కూర్చుంటుంది. గోడ దగ్గర ఆపేస్తే ఉన్నచోటే ఉండిపోయి, ముక్కులు ఎండిపోతాయి. వాటిని శుభ్రం చేయడానికి అది వాడేది మళ్ళీ మన ఇంకే. వారానికో రంగు పేజీ ముద్రిస్తే ఈ గోల చాలామటుకు ఉండదు. పక్కనే వెలుగుతూ ఉండి కూడా ‘ఆఫ్‌లైన్’ అంటోందంటే, రౌటర్ దానికి కొత్త చిరునామా ఇచ్చిందనీ, కంప్యూటర్ ఇంకా పాత చిరునామాకే ఉత్తరాలు వేస్తోందనీ అనుమానించండి. రౌటర్ సెట్టింగ్స్‌లో ప్రింటర్‌కి ఒక చిరునామా ఖాయం చేస్తే మళ్ళీ ఆ మాట వినిపించదు. రౌటర్‌నే ఆపి వెయ్యాల్సి వస్తే ముప్ఫై సెకన్లు ఆగి వెయ్యండి, ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో కాసేపు కరెంటు నిలవ ఉంటుంది.

ఇంత కుస్తీ పట్టాక బ్రెడ్ పుడ్డింగ్‌ని మించింది లేదు. మిగిలిపోయిన ఎండు బ్రెడ్ ఎనిమిది ముక్కలు, రాయడానికి 50 గ్రాముల వెన్న, గుప్పెడు కిస్మిస్, 400 మిల్లీలీటర్ల పాలు, మూడు గుడ్లు, 50 గ్రాముల చక్కెర. వెన్న రాసిన ముక్కల్ని త్రికోణాలుగా కోసి, కొసలు పైకి ఉండేలా పేర్చి, మధ్య మధ్య కిస్మిస్ వేసి, పాలూ గుడ్లూ చక్కెరా కలిపి పోయాలి. కిస్మిస్ పైన తేలి ఉంటే మాడి చేదెక్కుతాయి, ముక్కల కిందికి దోపండి. అరగంట నానాలి, ఇందులో బేరం లేదు. నానకుండా పెడితే పైన ఎండు బ్రెడ్, అడుగున గుడ్డట్టు, రెండూ వేరువేరుగా వస్తాయి. తాజా బ్రెడ్ వాడితే నానేసరికి పిసికిన ముద్దే. పెద్ద పళ్ళెంలో సగం ఎత్తుకి వేడి నీళ్ళు పోసి అందులో గిన్నె నిలిపి, 170 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు. గిన్నె అంచు పట్టుకుని కాస్త కదిపితే చుట్టూ గట్టిగా ఉండి నడిమధ్య మాత్రం తొణకాలి. మధ్య కూడా కదలనంతగా ఉంచితే గుడ్డు బిగుసుకుని నీరు వదులుతుంది, కోసినప్పుడు చిల్లులు చిల్లులుగా కనిపిస్తుంది.

మిగిలిన పుడ్డింగ్ ఏదైనా రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి, అన్నంతో చేసింది మరీను. మర్నాటికి అది గడ్డకట్టి ఉంటుంది. రెండు మూడు చెంచాల పాలు పోసి విడదీసి, మైక్రోవేవ్‌లో మధ్యస్థంగా పెట్టి, మధ్యలో ఒకసారి ఆపి కలిపి, మొత్తం పొగలు కక్కేదాకా వేడి చేయాలి. మైక్రోవేవ్ పనిచేసే తరంగాలు 2.45 గిగాహెర్ట్జ్, ఇళ్ళల్లో పాత తరహా వైఫై నడిచేది 2.4 దగ్గర. అందుకే గిన్నె లోపల తిరుగుతున్నంతసేపూ పక్క గదిలో వీడియో కాల్ బిగుసుకుపోతుంది. ఫోన్‌ని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చుకుంటే రెండూ సాగుతాయి. గిన్నె మీద పళ్ళెం వదులుగా పెట్టండి, లేకపోతే మీగడ చిట్లి లోపలి గోడలన్నిటికీ అంటుకుంటుంది.